చలికాలంలో కాన్సస్ మైదానాల మీదుగా రాకీ పర్వతాలకు: కారులో నలుగురం, సలహా కావాలి

మంజీర | డిసెంబర్ 6, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. ఈ నెల 27న మేము నలుగురు స్నేహితురాళ్ళం కాన్సస్ సిటీ నుంచి కొలరాడోలోని ఫ్రిస్కోకు కారులో బయలుదేరాలనుకుంటున్నాం. నలుగురం ఒకే హాస్టల్ గదిలో చదువుకున్నాం. పదకొండేళ్ళ తర్వాత ఇప్పుడే నలుగురికీ ఒకేసారి సెలవు దొరికింది. అందుకే ఈ ప్రయాణం మీద నాకు ఎంత ఆశ ఉందో మాటల్లో చెప్పలేను.

తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరితే మధ్యాహ్నానికి డెన్వర్, చీకటి పడేలోపు ఫ్రిస్కో చేరతామని లెక్క వేసుకున్నాను. కారు మామూలు సెడాన్, ఫ్రంట్ వీల్ డ్రైవ్ (ఇంజిన్ శక్తి ముందు చక్రాలకే అందేది). ఆల్ సీజన్ టైర్లు, వేసి రెండేళ్ళయింది. మాలో ముగ్గురికి డ్రైవింగ్ వచ్చు. మంచులో నడిపిన అనుభవం ఒక్కరికే ఉంది.

మైదానం గురించి నాకు బెంగ లేదు. మేము వెళ్ళే ఐ-70 హైవే గీత గీసినట్టు నేరుగా ఉంటుంది కదా. నా భయమంతా డెన్వర్ దాటాక వచ్చే కొండల గురించే. అక్కడ ఎలా నడపాలి, ఏం తీసుకువెళ్ళాలి, తెలిసినవారు చెప్పగలరా?

పడమటిగాలి | డిసెంబర్ 6, రాత్రి 10:40

మంజీర గారూ, మీరు బెంగ పడనక్కర లేదనుకున్న చోటే నేను ఎక్కువగా బెంగ పడతాను. పశ్చిమ కాన్సస్‌లో తొమ్మిది చలికాలాలు గడిపాను. ఈ దారిలో చాలామంది కొండలకు సిద్ధపడి వస్తారు, మైదానంలో చిక్కుకుంటారు.

మొదట ఒక సంగతి. ఆ మైదానం చదునుగా కనిపిస్తుంది కానీ చదును కాదు, వాలు బల్ల లాంటిది. కాన్సస్ సిటీ సముద్రమట్టానికి సుమారు 900 అడుగుల ఎత్తులో ఉంటుంది. ఇంకా కాన్సస్‌లోనే, దారిలో వచ్చే హేస్ ఊరి దగ్గరికి వచ్చేసరికి 2,000, గుడ్‌లాండ్ దగ్గర 3,700 దాకా ఎక్కేసి ఉంటారు. కొలరాడోలోని లైమన్ 5,377 అడుగులు, అంటే మైలు ఎత్తు నగరమని పేరున్న డెన్వర్ (5,280) కంటే ఆ మైదానపు ఊరే కాస్త ఎక్కువ ఎత్తు. రాకీ పర్వతాలు అరిగి, నదులు మోసుకొచ్చిన ఇసుక, కంకర లక్షల ఏళ్ళు పేరుకుని ఆ వాలు ఏర్పడింది. స్టీరింగ్ పట్టుకున్నవారికి ఎక్కుతున్నట్టే తెలియదు. కానీ ఒక్కో గంటకు చలి పెరుగుతుంది, చెట్లు తగ్గిపోతాయి.

చెట్లు తగ్గాయంటే గాలికి అడ్డు లేదన్నమాట. ఇక్కడి మంచు తుఫానుకు ఆకాశం నుంచి మంచు కురవాల్సిన అవసరం కూడా లేదు. నిన్న కురిసి పొలాల్లో పడి ఉన్న పొడి మంచును ఇవాళ్టి గాలి లేపి రోడ్డు మీద పరిస్తే చాలు. తల ఎత్తి చూస్తే నీలాకాశం ఉంటుంది, ముందున్న లారీ మాత్రం కనిపించదు. గంటకు 35 మైళ్ళకు మించిన గాలి, పావు మైలు కూడా కనిపించని చూపు, ఈ రెండూ మూడు గంటలపాటు ఉంటే అమెరికా వాతావరణ శాఖ దాన్ని బ్లిజార్డ్ అంటుంది. ఆ నిర్వచనంలో ఎంత మంచు కురవాలన్న లెక్క లేదు. చూడండి, అంతా గాలి, చూపు మాత్రమే.

అలాంటి రోజున ఐ-70ని గేట్లు దించి మూసేస్తారు. లైమన్ వైపు మూసేస్తే కాన్సస్ వైపు కూడా వరుసగా గుడ్‌లాండ్, కోల్బీ, ఇంకా తూర్పున హేస్ దాకా మూసుకుంటూ వస్తారు. చిన్న ఊళ్ళు కదా, హోటల్ గదులు నిండిపోయాక వచ్చేవాళ్ళకు తల దాచుకునే చోటు ఉండదు. అందుకే ముందే ఆపేస్తారు. మీ పథకంలో ఈ ఆగడానికి చోటే లేదు. ఒక రాత్రి అదనంగా పెట్టుకోండి.

శ్రీవత్స | డిసెంబర్ 7, ఉదయం 7:55

పడమటిగాలి గారి మాటలు విని మంజీర గారు ప్రయాణమే మానుకుంటారేమోనని రాస్తున్నాను. నేను ఈ దారిలో డిసెంబర్, జనవరి నెలల్లోనే ఏడుసార్లు వెళ్ళాను. ఏడుసార్లూ ఒకే రోజులో చేరాను. 600 మైళ్ళు డెన్వర్ దాకా, ఆపైన ఒక 70. ముగ్గురు నడిపేవాళ్ళు ఉన్నప్పుడు ఇది పెద్ద దూరం కాదు. సెడాన్ వదిలేసి ఆల్ వీల్ డ్రైవ్ ఉన్న కారు అద్దెకు తీసుకోండి, సగం చింత తీరిపోతుంది. దారిలో ఒక రాత్రి ఆగితే ఉన్న సెలవులో ఒక రోజు కాన్సస్‌లో పోతుంది.

చుక్కాని | డిసెంబర్ 7, మధ్యాహ్నం 12:20

నేను డెన్వర్‌లో ఉంటాను, వారం వారం కొండెక్కుతాను. శ్రీవత్స గారూ, మీ అనుభవాన్ని కాదనను. ఆల్ వీల్ డ్రైవ్ మాట మాత్రం ఇలా వదిలేయలేను.

నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందితే కారు కదలడం, ఎక్కడం తేలికవుతుంది. ఆగడం మాత్రం కాదు. బ్రేకు ఏ కారుకైనా నాలుగు చక్రాల మీదే పడుతుంది, మంచు మీద ఆ పట్టు టైరు రబ్బరుది. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే చలి పెరిగితే మామూలు రబ్బరు బిగుసుకుపోతుంది, శీతాకాలపు టైరు మెత్తగానే ఉంటుంది. మంచి శీతాకాలపు టైర్లు వేసిన సెడాన్‌ను, అరిగిన టైర్ల మీద నడిచే పెద్ద జీపు కంటే నేను ఎక్కువ నమ్ముతాను. ఇక్కడ రోడ్డు పక్క కాలవల్లో నేను చూసే వాహనాల్లో ఆ పెద్దవే ఎక్కువ. ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు కాబట్టి దిగేటప్పుడూ ఉండదనుకుంటారు.

కొలరాడో చట్టం సంగతి కూడా తెలుసుకోండి. సెప్టెంబర్ 1 నుంచి మే 31 వరకు ఐ-70 కొండదారిలో మోరిసన్, డాట్‌సెరో అనే ఊళ్ళ మధ్య టైర్ల గాడి లోతు కనీసం అంగుళంలో 16వ వంతులు మూడు ఉండాలి. దాంతోపాటు ఆల్ వీల్ డ్రైవ్ గానీ మంచుకు తగిన టైర్లు గానీ ఉండాలి. అవి లేకపోతే మంచులో పట్టు కోసం టైర్లకు చుట్టే చైన్లయినా కారులో ఉండి తీరాలి. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచు పూరేకు బొమ్మ ఉంటే అది నిజమైన మంచు టైరు. మీ టైర్లు రెండేళ్ళవి అన్నారు. గాడి లోతు కొలిపించకుండా బయలుదేరవద్దు.

రవికిరణ్ | డిసెంబర్ 7, మధ్యాహ్నం 1:05

చైన్లు నాలుగు చక్రాలకూ వేయాలా?

చుక్కాని | డిసెంబర్ 7, మధ్యాహ్నం 1:31

ఫ్రంట్ వీల్ డ్రైవ్ అయితే ముందు రెండింటికి. కారు పుస్తకం ఒకసారి చూడండి, కొన్ని కార్లకు చైన్లు పట్టేంత ఖాళీ ఉండదు. వేశాక గంటకు 30 మైళ్ళు దాటకూడదు. ఇంట్లో, వెలుతురులో, పొడి నేల మీద రెండుసార్లు వేసి తీసి చూడండి. చీకట్లో, వేళ్ళు కొంకర్లు పోతుండగా మొదటిసారి ఆ పెట్టె విప్పడం ఎవరికీ వద్దు.

నీలాంబరి | డిసెంబర్ 7, రాత్రి 11:48

ఈ సంగతి ఇంతవరకు ఎక్కడా రాయలేదు. మంజీర గారు "పదకొండేళ్ళ తర్వాత" అన్నారు కాబట్టి రాస్తున్నాను.

ఆరేళ్ళ క్రితం మేము ఐదుగురం ఇదే దారిలో వెళ్ళాం. హేస్ దాటాక గాలి మొదలైంది. అప్పుడు నడుపుతున్నది మాలో అందరికంటే నెమ్మదస్తురాలు. వెనక సీట్లో మేము ముగ్గురం పాటలు పెట్టుకుని కబుర్లలో ఉన్నాం. రోడ్డు తెల్లగా అయింది, తర్వాత రోడ్డు అంచు కనబడటం మానేసింది. ముందు కూర్చున్న అమ్మాయి "హోటల్‌కు డబ్బు కట్టేశాం, ఇంకో మూడు గంటలే కదా" అంది. నడిపే అమ్మాయి ఏమీ అనలేదు. ఆమె చేతులు స్టీరింగ్‌ను ఎంత గట్టిగా పట్టుకున్నాయో అద్దంలో నాకు కనిపించింది. చూసి కూడా నేను ఊరుకున్నాను.

ఒక వంతెన మీద కారు పక్కకు జారింది. వంతెన కింద నుంచి కూడా చల్లగాలి తగులుతుంది కాబట్టి అక్కడ రోడ్డు కంటే ముందే గడ్డకడుతుందని తర్వాత తెలిసింది. రెండు రోడ్ల మధ్య పల్లంలోకి దిగిపోయాం. దెబ్బలేమీ తగల్లేదు. కానీ నాలుగు గంటలు అక్కడే ఉన్నాం. వెచ్చదనం కోసం ఇంజిన్ నడుపుతూనే ఉన్నాం. గాలికి మంచు వెనక్కి పేరుకుని పొగగొట్టాన్ని కప్పేస్తోందని మాకు తట్టనే లేదు. ఒక లారీ డ్రైవరు వచ్చి కిటికీ తట్టి, ఇంజిన్ ఆపమని అరిచి, చేతులతోనే మంచు తోడేశాడు. అప్పటికే ఇద్దరికి తల తిరుగుతోంది, అలసట అనుకున్నాం. పొగగొట్టం మూసుకుపోతే కారు లోపలికి చేరే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఆయన పేరు కూడా అడగలేకపోయాం.

ఆ రాత్రి మా స్నేహితురాలు చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "గంట ముందే ఆగుదామని అనిపించింది. మీ సంతోషం చూసి నోరు రాలేదు."

అందుకే మంజీర గారూ, టైర్ల కంటే ముందు ఇది మాట్లాడుకోండి. నలుగురిలో ఏ ఒక్కరు ఆగుదామన్నా ఆగాలి. నడుపుతున్నవారైనా, వెనక కూర్చున్నవారైనా. కారణం అడగకూడదు, ఓటింగు పెట్టకూడదు, తర్వాత దాని మీద హాస్యాలు ఆడకూడదు. ఇంటి దగ్గరే, బయలుదేరక ముందే ఒప్పుకోండి. దారిలో ఒప్పుకోవడం కుదరదు.

శ్రీవత్స | డిసెంబర్ 8, ఉదయం 6:30

నీలాంబరి గారూ, రాత్రి చదివాను, నిద్ర పట్టలేదు. నా ఏడు ప్రయాణాలూ గుర్తు చేసుకున్నాను. ఏ ఒక్కసారీ పెద్ద గాలి లేదు. వాతావరణం బాగుండటాన్ని నా సామర్థ్యం అనుకున్నాను. ఒకే రోజులో వెళ్ళమన్న నా సలహాను వెనక్కి తీసుకుంటున్నాను, మంజీర గారూ.

హరిణి | డిసెంబర్ 8, మధ్యాహ్నం 2:12

వైద్యురాలిగా ఒక మాట. ఫ్రిస్కో 9,000 అడుగుల పైన ఉంది. అక్కడ గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో 70 శాతం చిల్లర మాత్రమే. 900 అడుగుల ఊళ్ళో ఉదయం లేచి 9,000 అడుగుల ఊళ్ళో ఆ రాత్రే పడుకుంటే తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం చాలామందికి వస్తాయి. రోజూ వ్యాయామం చేసినంత మాత్రాన ఇది రాకుండా పోదు, పరుగు పందెగాళ్ళకూ వస్తుంది. డెన్వర్ ఎత్తులో ఒక రాత్రి గడిపి వెళ్తే శరీరానికి కాస్త అలవాటు పడే వ్యవధి దొరుకుతుంది. మొదటి రెండు రోజులు మద్యం జోలికి పోవద్దు, బరువైన పనులు పెట్టుకోవద్దు. తలనొప్పి తగ్గకపోగా నడక తడబడినా, మాట తేడా వచ్చినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా తెల్లవారే దాకా ఆగకుండా కిందికి దిగాలి, వైద్యుడికి చూపించాలి. ఎవరికైనా గుండె, ఊపిరితిత్తుల జబ్బులుంటే, గర్భవతులుంటే ముందే తమ డాక్టరును అడగాలి.

మంజీర | డిసెంబర్ 9, రాత్రి 8:26

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నీలాంబరి గారు రాసింది నలుగురం ఫోనులో కలిసి చదువుకున్నాం. చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. ఆ నియమం మాకు సమ్మతమే.

కొత్త పథకం: మొదటి రాత్రి గుడ్‌లాండ్, రెండో రాత్రి డెన్వర్, మూడో రోజు పగటి వెలుగులో ఫ్రిస్కో. సెలవు ఇంకో రెండు రోజులు పెంచుకున్నాం. టైర్ల గాడి కొలిపించాను, రెండు చక్రాలవి చట్టం చెప్పిన లోతు కంటే తక్కువగా ఉన్నాయి! నాలుగూ మార్చేసి శీతాకాలపు టైర్లు వేయించాను. పడమటిగాలి గారూ, కారులో ఏమేం ఉండాలో మీరు చెప్పాలి.

పడమటిగాలి | డిసెంబర్ 9, రాత్రి 10:03

మంచి పని చేశారు. కారు వెనక డబ్బాలో పడేసేవి కాదు, చేతికి అందేలా ఉండాల్సినవి ముందు చెబుతాను. మనిషికో దుప్పటి, తలకు టోపీ, చేతి తొడుగులు, తాగేనీరు, టార్చి. జారిపోయాక వెనక తలుపు తెరుచుకోకపోవచ్చు. ఇక వెనక ఒక చిన్న పార, అద్దం మీద మంచు గీకే చెక్క, బ్యాటరీ కేబుళ్ళు, చక్రాల కింద చల్లడానికి ఒక సంచి ఇసుక.

అద్దం కడిగే నీళ్ళు మార్చారా? వేసవిలో పోసిన ద్రవం అద్దం మీద పడగానే గడ్డకట్టి మంచు తెర అయిపోతుంది. మైనస్ 20 డిగ్రీల ఫారెన్‌హీట్ (సుమారు మైనస్ 29 సెల్సియస్) దాకా గడ్డకట్టనిది పోయించండి, ఇంకో సీసా వెంట ఉంచుకోండి. లారీలు చిమ్మే ఉప్పు బురదకు ఒక సీసా సగం రోజులో అయిపోతుంది. పెట్రోలు సగానికి తగ్గనివ్వకండి, రోడ్డు మూస్తే రాత్రంతా హీటరు దానిమీదే నడవాలి.

కారులో చిక్కుకుంటే కారు వదలవద్దు. సున్నా డిగ్రీల ఫారెన్‌హీట్ (సుమారు మైనస్ 18 సెల్సియస్) దగ్గర గంటకు 15 మైళ్ళ గాలి వీస్తే ఒంటికి అది మైనస్ 19 ఫారెన్‌హీట్ (మైనస్ 28 సెల్సియస్)లా తగులుతుంది. అరగంటలో చర్మం గడ్డకట్టడం మొదలవుతుంది. అదిగో ఆ పొలంలో దీపం కనిపిస్తోంది కదా అని బయలుదేరినవాళ్ళు దారి తప్పుతారు. ఇంజిన్ గంటకు పది నిమిషాలే వేయండి, వేసే ముందు ప్రతిసారీ పొగగొట్టం చుట్టూ మంచు తీయండి, గాలి వీచే వైపు కాకుండా రెండో వైపు కిటికీ వేలెడు దించండి.

దారి గురించి కూడా చెప్పనివ్వండి. ఎవరైనా కాన్సస్‌ను కళ్ళు మూసుకుని దాటేయమంటే నాకు బాధ. సలైనా దాటాక స్మోకీ హిల్స్‌లో గాలిమరల బారు వస్తుంది, ఉదయపు ఎండలో వాటి నీడలు రోడ్డు మీద తిరుగుతుంటాయి. హేస్‌కు కాస్త ముందు విక్టోరియా అనే చిన్న ఊళ్ళో 1911లో పూర్తయిన రాతి చర్చి ఉంది, జంట గోపురాలు హైవే నుంచే కనిపిస్తాయి. వోల్గా ఒడ్డు నుంచి వలస వచ్చిన జర్మన్ రైతులు చుట్టుపక్కల నుంచి రాళ్ళు తవ్వి తెచ్చి కట్టుకున్నారు. పది నిమిషాలు ఆగి లోపలికి వెళ్ళండి. ఆ పల్లెకు అంత గుడి ఎందుకు కావలసి వచ్చిందో, బయట ఆ మైదానాన్ని చూస్తే అర్థమవుతుంది. గుడ్‌లాండ్‌లో 80 అడుగుల చట్రం మీద నిలబెట్టిన పొద్దుతిరుగుడు పూల చిత్రం ఉంది. అక్కడికి వచ్చేసరికి గడియారం ఒక గంట వెనక్కి తిప్పుకోవాలి, ఆ జిల్లా మౌంటెన్ కాలమానంలో ఉంటుంది. చీకటి ఎప్పుడు పడుతుందన్న లెక్కలో దాన్ని మరచిపోవద్దు.

రవికిరణ్ | డిసెంబర్ 10, ఉదయం 9:40

ఫోనులో దారి చూపించే మ్యాపు ఉంది కదా, రోడ్డు మూస్తే పక్క దారి అదే చెబుతుందిగా?

చుక్కాని | డిసెంబర్ 10, ఉదయం 10:15

రవికిరణ్ గారూ, దయచేసి అలా చేయవద్దు. ఐ-70 మూసినప్పుడు మ్యాపు పొలాల మధ్య మట్టిరోడ్ల మీదికి తిప్పుతుంది. ఆ రోడ్లకు మంచు తోడే బండ్లు చివరన వస్తాయి. హైవే మూశారంటే పక్క దారి అంతకంటే ఘోరంగా ఉందని అర్థం. కాన్సస్‌కు కాన్‌డ్రైవ్, కొలరాడోకు సీవోట్రిప్ అని రోడ్డు శాఖల సొంత సైట్లు ఉన్నాయి, లేదా 511కు ఫోను చేయండి.

మంజీర | డిసెంబర్ 27, సాయంత్రం 6:52

కోల్బీలో ఆగిపోయాం. గుడ్‌లాండ్ ఇంకా 35 మైళ్ళు ఉంది. అందరం క్షేమం, గది దొరికింది. మేము వచ్చిన గంటకు గేటు దించేశారు. వివరంగా తర్వాత రాస్తాను.

పడమటిగాలి | డిసెంబర్ 27, సాయంత్రం 7:10

చాలా సంతోషం. రాత్రి కారు ముందు భాగం గాలికి ఎదురుగా పెట్టవద్దు, మంచు పొడి ఇంజిన్ గదిలోకి దూరుతుంది. గోడ పక్కన ఆపుకోండి.

మంజీర | జనవరి 3, రాత్రి 9:30

నిన్న రాత్రి ఇల్లు చేరాం. ఇక్కడ ఇంతమంది ఇంత శ్రద్ధగా చెప్పారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాయడం నా బాధ్యత.

సలైనా దాకా ఎండ. గాలిమరల నీడలు పడమటిగాలి గారు చెప్పినట్టే కారు మీదుగా పోయాయి. విక్టోరియా చర్చిలో అరగంట కూర్చున్నాం. లోపల మా నలుగురం తప్ప ఎవరూ లేరు. బయటికి వచ్చేసరికి గాలి ఉత్తరానికి తిరిగింది. తలుపు తెరవడానికి రెండు చేతులు కావలసి వచ్చింది.

వాకీనీ దాటాక రోడ్డు మీద మంచు పాకడం మొదలైంది. పాకడమనే అనాలి. పొలంలోంచి తెల్లటి పాములు వందల కొద్దీ ఒకే దిక్కుగా రోడ్డు దాటుతున్నట్టు. మొదట అందంగానే అనిపించింది, ఫోటోలు తీసుకున్నాం. ఓక్లీ దగ్గర ఆ పాములన్నీ కలిసిపోయి మోకాలెత్తు తెర అయింది. కారు లోపలి నుంచి చూస్తే రోడ్డు కాదు, పాల మీద పడవ. లారీలు దాటినప్పుడల్లా మూడు నాలుగు క్షణాలు ఏమీ కనిపించేది కాదు. అప్పుడు నడుపుతున్నది నేనే. గుడ్‌లాండ్‌కు ఇంకో గంటే కదా, గది తీసుకున్నాం కదా అనే నా లోపల ఉంది. నీలాంబరి గారి కథ నాలుగుసార్లు చదివిన నాకే అలా అనిపించింది.

"ఆగుదాం" అన్న మాట వెనక సీటు నుంచి వచ్చింది. మాలో డ్రైవింగ్ రాని ఒకే ఒక్కరు. చాలా మెల్లగా అంది. ఎవరమూ ఎందుకని అడగలేదు. కోల్బీలో దిగిపోయాం. హోటల్ ఆవరణలో కారు ఆపాక నా వేళ్ళు స్టీరింగ్ నుంచి విప్పుకోవడానికి కాసేపు పట్టింది. ఆ రాత్రి హోటల్ హాలంతా దారిలో ఆగిపోయిన వాళ్ళే. లారీ డ్రైవర్లు, చంటిపిల్లలతో ఒక కుటుంబం, తల్లిని చూడటానికి వెళ్తున్న ఒక పెద్దాయన. గాలి గోడలను కొడుతూనే ఉంది. మేము నలుగురం ఒకే గదిలో, హాస్టల్లోలాగే, రెండింటి దాకా మాట్లాడుకున్నాం. పదకొండేళ్ళలో ఎవరికి ఏం జరిగిందో నిజంగా చెప్పుకున్నది ఆ రాత్రే. ఒకరు ఇంతకాలం మా నుంచి దాచిన దుఃఖం ఒకటి ఉంది, అది ఇక్కడ రాయను.

మర్నాడు పదకొండింటికి గేటు లేచింది. గాలి ఆగిపోయింది. చలికి గాల్లోనే మంచు పలుకులు మెరుస్తున్నాయి. సూర్యుడికి అటూ ఇటూ ఇంకో రెండు చిన్న సూర్యుళ్ళు, లేత ఇంద్రధనుస్సు రంగుల్లో! మంచు పలుకుల్లో కాంతి వంగి, సూర్యుడికి 22 డిగ్రీల ఎడంగా అలా కనిపిస్తుందని ఫోనులో చదివాం. దారి పొడవునా మధ్య పల్లంలో కార్లు, ఒక లారీ ఒరిగి పడి ఉన్నాయి. వాటిని దాటుతున్నప్పుడు కారులో ఎవరమూ మాట్లాడలేదు.

లైమన్‌కు ముందు పడమట అంచున ఒక మేఘం కనిపించింది. ఎంతసేపటికీ కదలదే! పావుగంటకు గానీ అది కొండ అని తెలియలేదు. పైక్స్ పీక్, 14,115 అడుగులు. పొద్దున్నుంచీ రేఖలా ఉన్న లోకంలో అదొక్కటే పైకి లేచి ఉంది. కారు పక్కకు తీసి ఆపాలనిపించింది, ఆపే చోటు వచ్చేవరకు ఓపిక పట్టాను.

డెన్వర్‌లో రాత్రి ఉండి, మూడో రోజు ఉదయం కొండెక్కాం. జార్జ్‌టౌన్ దగ్గర కొమ్ములు తిరిగిన కొండగొర్రెలు రోడ్డుకు ఇంచుమించు పక్కనే నిలబడి ఉన్నాయి. ఐసన్‌హోవర్ సొరంగం తూర్పు ముఖం దగ్గర ఎండ కాస్తోంది. 1.7 మైళ్ళ సొరంగం దాటి అవతల తేలేసరికి దట్టంగా మంచు కురుస్తోంది. సొరంగం పైన ఉన్న కొండ శిఖరాల వరుసే ఖండాన్ని రెండుగా చీల్చే నీటి విభజన రేఖ. తూర్పున పడిన చినుకు అట్లాంటిక్ వైపు, పడమట పడింది పసిఫిక్ వైపు. వాతావరణం కూడా అక్కడే మారుతుందని కళ్ళారా చూశాం. ఆ తర్వాత వచ్చే 6, 7 శాతం వాలును మా మంచు అనుభవజ్ఞురాలే నడిపింది, గేరు తగ్గించి, బ్రేకు మీద కాలు నిలిపి ఉంచకుండా. బ్రేకులు పోయిన లారీలు ఎక్కి ఆగడానికి పక్కన కట్టిన కంకర గుట్టలు చూస్తే ఆ వాలు ఎలాంటిదో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఫ్రిస్కోలో ఒకరికి మొదటి రోజు తలనొప్పి వచ్చింది. నీళ్ళు తాగి, పడుకుని, మర్నాటికి తేరుకుంది. రాత్రి మంచు ఆగాక బయటికి వచ్చి చుక్కలు చూశాం. అంత నిశ్శబ్దం నేనెన్నడూ వినలేదు. మంచు మెత్తదనం శబ్దాన్ని మింగేస్తుందట. పక్కన నిలుచున్నవాళ్ళ ఊపిరి మాత్రం వినిపిస్తుంది.

శ్రీవత్స | జనవరి 3, రాత్రి 10:12

చదువుతుంటే నాకు ఊపిరాడలేదు. తిరుగు ప్రయాణం ఎలా జరిగింది?

మంజీర | జనవరి 3, రాత్రి 10:25

బాగా జరిగింది శ్రీవత్స గారూ. సెలవు ముగిసే రోజు మధ్యాహ్నం కొండ దిగేవారి రద్దీ విపరీతంగా ఉంటుందని చుక్కాని గారు విడిగా రాశారు, అందుకని తెల్లవారకముందే బయలుదేరాం. ఓక్లీ, కోల్బీ మధ్య రోడ్డు పొడిగా, ఎండలో, పూర్తిగా మామూలుగా ఉంది. ఇక్కడేనా అని ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

నీలాంబరి | జనవరి 4, ఉదయం 7:02

మంజీర గారూ, ఒక్కటి అడుగుతాను. ఆగుదామన్న మీ స్నేహితురాలు, అలా అన్నందుకు తర్వాత ఏమైనా ఇబ్బంది పడ్డారా?

మంజీర | జనవరి 4, ఉదయం 7:40

ఆ రాత్రి పడుకోబోయే ముందు "నా వల్ల మీ ప్రయాణం మధ్యలో ఆగిపోయింది" అంది. మాలో ఒకరు లేచి హోటల్ కిటికీ తెర తీశారు. అవతల పార్కింగు దీపం ఉండాల్సిన చోట తెలుపు తప్ప ఏమీ లేదు. ఆమె కాసేపు చూసి, తెర వేసేసి, మా మధ్యకు వచ్చి పడుకుంది.

నీలాంబరి | జనవరి 4, ఉదయం 7:58

మా స్నేహితురాలికి ఇప్పుడే ఫోను చేస్తున్నాను. ఆ రోజు మా కారు నడిపిన అమ్మాయికి. మాట్లాడి రెండేళ్ళయింది.